విన్నానన్న ఊఁ

లైబ్రరీ, పుస్తకాల మరమ్మతు గది
వానాకాలం మొదట్లో

అత్తా,

నీకో ఘోరం చెప్పాలి. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను "ఊఁ" అన్నాను. అంతే.

మా లైబ్రరీ లిఫ్టు బాగుచేయడానికి వచ్చే అతని గురించి ఇంతకుముందు రాశాను కదా. "ఎక్కించేవాడా, దించేవాడా?" అని అడిగావు. అతనే. ఇద్దరం పెళ్ళి మాట అనుకున్నాం. నాన్న సరేనన్నాడు, వాళ్ళమ్మ సరేనంది. చలి మొదలయ్యాక చేద్దామన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది.

మొన్న మధ్యాహ్నం ఒక పాత నిఘంటువు వెన్ను అతికిస్తున్నాను. జిగురు రాసి, అది ఆరేలోపు అట్టను పట్టి ఉంచాలి. రెండు చేతులూ ఖాళీ లేవు. అతను గుమ్మంలో నిలబడి ఇలా అన్నాడు:

"మా ఇంట్లో ఒక అలవాటు ఉందండీ. పొద్దున్నే అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే చేసుకుంటోంది. మనం కూడా అలా చేద్దాం. రోజు మొదలయ్యేముందు ఇద్దరం ఒకచోట కూర్చుని దేవుడికి ఒక మాట చెప్పుకుంటే బావుంటుంది కదండీ?"

నేను "ఊఁ" అన్నాను.

అత్తా, అది విన్నానన్న ఊఁ. ఒప్పుకున్నానన్న ఊఁ కాదు. కథ చెబుతుంటే పిల్లలు కొడతారే, ఆ ఊఁ. అతని మొహం వెలిగిపోయింది. వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పేశాడు. ఆవిడ సంతోషం పట్టలేక మా ఇద్దరికీ కూర్చోవడానికి రెండు దిండ్లు కుడుతోందట. నా దిండు మీద పూలు.

నాకు దేవుడున్నాడో లేడో తెలీదు. నీలాగ లేడని గట్టిగా అనలేను. మామయ్యలాగ ఉన్నాడనీ అనలేను. బడిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే సిస్టర్ల ఎదుట చేతులు జోడించి పెదవులు కదిపాను. లోపల ఎక్కాలు చదువుకునేదాన్ని. ఒకరోజు పెద్ద సిస్టర్ నా దగ్గర ఆగి, "ప్రార్థనంటే ఇలా ఉండాలి, ఈ పిల్లను చూడండి" అని అందరికీ చూపించింది. అప్పుడు పదమూడో ఎక్కంలో ఉన్నాను.

ఇప్పుడు అతని పక్కన, పూల దిండు మీద, జీవితాంతం ఎక్కాలు చదువుకోవాలా? నిజం చెబితే అతను వెళ్ళిపోతాడేమో. చెప్పకపోతే రోజూ అబద్ధంతో నిద్ర లేవాలి.

నువ్వు దేవుడు లేడంటావు. మామయ్య దేవుడితో కబుర్లు చెబుతాడు. అయినా ముప్ఫై ఏళ్ళుగా ఒక ఇంట్లో ఉన్నారు. ఎలా కుదిరిందో రాయి. త్వరగా రాయి, ఆవిడ రెండో దిండు మొదలుపెట్టిందట.

నీ
గుసగుస


కళ్ళద్దాల దుకాణం, కౌంటరు వెనక
బేరాల్లేని మధ్యాహ్నం

ఒసేయ్ గుసగుసా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. అద్దాలు పెట్టుకుని చూసుకుంటున్న ఒకావిడ తన మొహం చూసే నవ్వాననుకుని లేచి వెళ్ళిపోయింది. ఒక బేరం చెడగొట్టావు.

గట్టిగా మాట్లాడవే అని నీ చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటున్నాను. విన్నావా? చెవిలో చీమ పాకినట్టు మాట్లాడతావు. ఇప్పుడు చూడు, ముక్కులోంచి వచ్చిన ఒక్క చప్పుడుతో భక్తురాలివైపోయావు. మునులు ఏళ్ళ తరబడి తపస్సు చేసినా అంత తేలిగ్గా అవ్వలేదు.

మా సంగతి అడిగావు, చెబుతా విను. పెళ్ళయిన కొత్తలో మీ మామయ్యతో అన్నాను: "చూడండీ, కనబడనివాళ్ళకు కనబడేలా చేయడం నా పని. ఏ నంబరు అద్దం వేసి చూసినా మీ దేవుడు నాకు ఆనలేదు." ఆయనేమన్నాడో తెలుసా? "నీ దుకాణంలో లేని అద్దం కావాలేమో" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బస్సు డ్రైవరు కదా, వెనక ఎంతమంది హారను కొట్టినా తొణకడు.

పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు వంటగది కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాడు. బయటికి చూస్తూ లోగొంతుకలో గొణుక్కునేవాడు. బస్సు బ్రేకులు, నా మోకాలు, నీ పరీక్షలు, అన్నీ అక్కడ ఏకరువు పెట్టేవాడు. ఆ కాసేపూ నేను మిక్సీ వేసేదాన్ని కాదు. మా మధ్య ఉన్న ఒప్పందం అదొక్కటే. ఆయన లేవగానే, "ఏమంటాడు మీ దోస్తు?" అని అడిగేదాన్ని. "నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు" అనేవాడు.

అంతే, ఇందులో మంత్రమేమీ లేదు. కాబట్టి భయపడక చెప్పెయ్. వెళ్ళిపోతే వెళ్ళిపోతాడు. లిఫ్టు మనిషి కదా, కింద దాకా వెళ్ళి మళ్ళీ పైకి వస్తాడు.

నీ ఉత్తరం మీ మామయ్యకు చదివి వినిపించాను. "పాపం ఆ అబ్బాయి మంచివాడిలా ఉన్నాడు, ఏడిపించొద్దని రాయి" అన్నాడు. చూశావా, అప్పుడే నీ పార్టీ కాదు.

అత్త


మరమ్మతు గది
వాన వెలిసిన సాయంత్రం

అత్తా,

చెప్పలేదు. చెప్పబోయాను.

అతను లిఫ్టు తలుపు జారే గాడిలో నూనె వేస్తున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడి, "మీకో మాట చెప్పాలి" అన్నాను. "చెప్పండి" అని తలెత్తి చూశాడు. ఆ చూపు చూశాక నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: "మీ చొక్కా గుండీ ఊడిపోయింది."

ఊడలేదు. అతను పైనుంచి కిందిదాకా తడుముకుని, "ఎక్కడండీ?" అన్నాడు.

"ఊడేలా ఉంది" అన్నాను.

నాలాంటివాళ్ళకు ఒక పేరుందని ఇక్కడి పుస్తకంలో చూశాను. అజ్ఞేయవాదులంటారు. దేవుడి సంగతి మనిషికి తెలిసేది కాదు అనుకునేవాళ్ళు. పేరు బాగానే ఉంది. గుండీల గురించి అబద్ధాలాడేవాళ్ళకు పెట్టాల్సిన పేరు కాదు.

ఇంకో సంగతి. పాత పేజీల్లో చిరుగులు వెతకడం నా ఉద్యోగం. అలవాటు చొప్పున నీ ఉత్తరంలోనూ వెతికాను, ఒకటి దొరికింది. మామయ్య గురించి "కూర్చునేవాడు" అని రాశావు. "గొణుక్కునేవాడు" అని రాశావు. "మిక్సీ వేసేదాన్ని కాదు" అన్నావు. "కూర్చుంటాడు" అని ఒక్కచోట కూడా రాయలేదు. నీ ఉత్తరంలో మిగతావన్నీ ఇవాళ జరుగుతున్నాయి. ఆ స్టూలు మాత్రం ఎప్పటిదో అయిపోయింది.

మామయ్య ఇప్పుడు కూర్చోవడం లేదా?

గుసగుస


వంటగది, మిక్సీ పక్కన

ఒసేయ్ చిరుగుల డాక్టరూ,

నీ ఉత్తరం మొదటి పేజీ మీ మామయ్యకు చదివి వినిపించాను. "నాలాంటివాళ్ళను అజ్ఞేయవాదులంటారు" అనగానే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగ్నేయమా? అటేముంది? అటు పోయే బస్సు నాదేగా" అన్నాడు. ఆగ్నేయం కాదు మహాప్రభో అని నేను చెప్పేలోపే మీ నాన్నకు ఫోను చేసి, "మీ అమ్మాయి ఆగ్నేయవాదట" అని చెప్పేశాడు. మీ అమ్మ ఫోను లాక్కుని, "అంత దూరమెందుకు, పెళ్ళయ్యాక ఇటువైపే ఇల్లు చూసుకోమనండి" అంది. నువ్వు ఇంటికి వెళ్తే ఆ తగువు నువ్వే తీర్చుకో.

రెండో పేజీ వినిపించలేదు. మడిచి చక్కెర డబ్బా కింద పెట్టాను.

నీకు వ్యాకరణం నేర్పిన సిస్టర్ ఎవరోగానీ నాకు కనబడితే రెండు మాటలంటాను. అవును. కూర్చోవడం లేదు. ఎండాకాలం సగంలో మానేశాడు. మొదటిరోజు ఆలస్యమైందేమో అనుకున్నాను. తర్వాత నడుం పట్టిందేమో అనుకున్నాను. ఆ తర్వాత దుకాణానికి తీసుకెళ్ళి కళ్ళు పరీక్ష చేశాను. ఎందుకంటావా? నాకు చేతనైన పరీక్ష అదొక్కటే. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి.

లేస్తాడు, మొహం కడుక్కుంటాడు, కాఫీ తాగుతాడు, వెళ్ళిపోతాడు. స్టూలు కిటికీ దగ్గరే ఉంది. నేను రోజూ తుడుస్తున్నాను. ఒకరోజు కావాలనే ఆయన నడిచే దారికి అడ్డంగా పెట్టాను. కాలికి తగిలింది. "ఇదిక్కడెందుకు పెట్టావే?" అని పక్కకు జరిపి చక్కా పోయాడు.

నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. ఆ వేళకు నేనింకా మిక్సీ వేయడం లేదు. వంటింట్లో ఎవరూ ఏమీ మాట్లాడరు. గరిటె పట్టుకుని బొమ్మలా నిలబడుతున్నాను. దేవుడు లేడు లేడని ఇన్నేళ్ళు ఎగతాళి చేసినదాన్ని, ఇప్పుడు ఎవరికోసం మిక్సీ ఆపి నిలబడుతున్నానో నాకే అర్థం కావడం లేదు.

అడగొచ్చుగా అంటావు. ఏమని అడగను? "ఏమండీ, ప్రార్థన ఎందుకు చేయడం లేదు?" అనా? ఈ నోటితోనా?

నీ పని నువ్వు చూసుకో. గుండీ కుట్టావా లేదా?

అత్త


మరమ్మతు గది
మళ్ళీ వాన

అత్తా,

నవ్వాను. లైబ్రరీ కాబట్టి లోపల్లోపలే నవ్వాను. లేని దేవుడికి ఇంత మర్యాద చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఉన్నాడనేవాళ్ళు కూడా ఆయనకోసం మిక్సీ ఆపరు.

గుండీ కుట్టాను. గట్టిగా ఉన్నదాన్ని పీకి, మళ్ళీ కుట్టాను. అతను సాయంత్రం దాకా దాన్ని తడుముకుంటూ తిరిగాడు.

తర్వాత నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. అప్పుడు నవ్వు రాలేదు.

నిన్ను చూసుకునే నేను ధైర్యం తెచ్చుకున్నాను. "నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఒక కప్పు కింద ఉండొచ్చండీ, మా అత్తను చూడండి" అని అతనితో అందామనుకున్నాను. ఇప్పుడేమని చెప్పను? నీ పక్కన ఉండీ ఉండీ మామయ్యది అరిగిపోయిందా? అలాగైతే అతనిది నేను అరగదీస్తాను. నువ్వు నోటితో ఎగతాళి చేశావు. నేను నోరు మూసుకునే ఆ పని చేస్తాను. ఏమీ తెలీని మనిషి రోజూ పక్కన ఉంటే, తెలిసిన మనిషికి కూడా తెలీకుండా పోదూ?

అతను పనిచేసేది చీకటి గుంతల్లో, ఇనప తాళ్ళ మధ్య. అతనికి అది కావాలి. దాన్ని నేను పాడుచేయలేను. అంతకంటే ఈ పెళ్ళి మానుకుంటాను. ఇది బెదిరింపు కాదు అత్తా, నిజంగానే ఆలోచిస్తున్నాను.

నాకు కావలసిన జవాబు నీ వంటగదిలో ఉంది. నువ్వు అడగాలి. ఒప్పందం చేసుకుందాం. ఈ ఆదివారం లోపు నువ్వు మామయ్యను అడుగు, నేను అతనికి చెబుతాను. వెనక్కి తగ్గినవాళ్ళను రెండోవాళ్ళు జీవితాంతం పిరికిపంద అని పిలవొచ్చు. అందరి ఎదుటా.

గుసగుస


వంటగది, ఈసారి స్టూలు మీద

గుసగుసా,

అడిగాను.

ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. "దగ్గు మందు తేనా?" అన్నాడు. ఇక లాభం లేదని, "ఏమండీ, మీ దోస్తుతో ఈమధ్య మాటల్లేవా?" అన్నాను.

ఆయన బూటు లేసు కట్టుకుంటున్నాడు. చేతులు ఆగాయి.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"ఇన్నేళ్ళు పక్కగదిలో మోగిన రేడియో ఆగిపోతే తెలీదా నాకు?"

"నీకు తెలిస్తే పండగ చేసుకుంటావనుకున్నాను" అన్నాడు.

అమ్మాయ్, విన్నావా? ఆయన తనకు కష్టమొచ్చి, అది నాకు సంతోషమవుతుందని దాచుకున్నాడు. ఎంత సంపాదించుకున్నానో చూడు, ఇన్నేళ్ళ వేళాకోళంతో.

లేసు ముడి వేసి ఆయనే చెప్పాడు: "ఏమీ జరగలేదే. ఎవరూ పోలేదు, బస్సు ఎక్కడా గుద్దలేదు. రోజూ చెప్పుకునేవాణ్ణి కదా, అటువైపు నుంచి ఎవరో ఊఁ కొడుతున్నట్టుండేది. జవాబులు నేనెప్పుడూ అడగలేదు. ఊఁ, అంతే. ఒకరోజు పొద్దున అది లేదు. ఇంజను ఆగిపోతే సీటు కింద తెలుస్తుంది చూడు, అలా తెలిసింది. కొన్నాళ్ళు చూశాను. వినేవాళ్ళు లేకుండా గొణుక్కోవడమెందుకని లేచిపోయాను."

"నా వల్లనా?" అని అడిగాను.

నవ్వాడు. "నీ వల్ల పోయేదైతే పెళ్ళయిన వారంలోనే పోయేది."

మీ మామయ్య మర్యాదస్తుడు. ఉన్నమాటే అన్నాడో, నా మనసు నొప్పించకూడదని అన్నాడో నాకు తెలీదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నువ్వడిగింది జవాబు, నేను తీపి మాటలు కలిపి పంపకూడదు.

మర్నాడు నేనూ ఒక స్టూలు ఈడ్చుకొచ్చి పక్కన కూర్చున్నాను. "నాకు చెప్పండి, నేను కొడతాను ఊఁ" అన్నాను. సరే అని మొదలుపెట్టాడు. రెండో గేరు మొరాయిస్తోందట, డిపోలో చెబితే ఎవరూ పట్టించుకోవడం లేదట. నేను "ఊఁ" అన్నాను. ఆయన ఆగిపోయాడు.

"వద్దులేవే. నీ ఊఁ నాకు తెలుసు. అందులో వెటకారం ఉంటుంది."

ఉంది మరి. నేను కావాలని పెట్టలేదు, దానంతటదే వచ్చి కూర్చుంది.

అందుకని ఇప్పుడు ఊరికే కూర్చుంటున్నాం. ఆయన కిటికీలోంచి చూస్తాడు, నేను ఆయన్ని చూస్తాను. కాఫీ చల్లారిపోతోంది. ఆ దోస్తు వస్తే రానీ, నేను కాస్త జరిగి చోటిస్తాను. వస్తాడని మాత్రం నేననుకోను.

నా వంతు అయింది. ఇక నీది, పిరికిపందా.

అత్త


లైబ్రరీ, మెట్ల మలుపు దగ్గర
వానలు తగ్గుముఖం పట్టాయి

అత్తా,

చెప్పాను. లైబ్రరీ మొత్తానికి చెప్పాను.

రీడింగు హాలు మూడో అంతస్తులో ఉంది కదా. అతను అక్కడ లిఫ్టు తలుపు తెరిచి, నిచ్చెన మీద నిలబడి గోడకు డ్రిల్లు వేస్తున్నాడు. ఆ చప్పుడులో ఇంకెవరికీ వినబడదు, ఇదే సమయమనుకున్నాను. వెళ్ళి, "నాకు దేవుడున్నాడో లేడో తెలీదు" అన్నాను.

"ఏంటండీ?" అని అరిచాడు.

ఇంకోసారి చెప్పాను. "వినబడ్డం లేదండీ!" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఊపిరంతా కూడదీసుకుని, "నాకు దేవుడున్నాడో లేడో తెలీదు!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే అతను డ్రిల్లు ఆపాడు.

హాలంతా తలలెత్తింది. రోజూ పేపరు చదవడానికి వచ్చే తాతగారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మాకూ తెలీదమ్మా. కాస్త మెల్లగా" అన్నారు.

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. కిందికి దిగి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా.

"ఆరోజు ఊఁ అన్నారు కదండీ."

"అది విన్నానన్న ఊఁ."

"మా ఇంట్లో ఊఁ అంటే సరేనని."

"మా ఇంట్లో ఊఁ అంటే ఇంకా చెప్పమని."

"ఆరోజే అనొచ్చు కదా. అమ్మ దిండ్లు కుట్టేసింది."

"దిండు నాకిష్టమే" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. అంతకంటే పనికిమాలిన మాట ఇంకోటి లేదు.

అతను పనిముట్లు పెట్టెలో సర్దుకున్నాడు. "కొంచెం ఆలోచించుకోవాలండీ" అన్నాడు. మెట్లమీద అతని అడుగుల చప్పుడు కింద వీధి తలుపు దాకా వినబడింది.

అప్పట్నుంచి రాలేదు. లిఫ్టు సగం విప్పి వదిలేసినట్టే ఉంది. "పనిచేయదు" అని అట్టముక్క మీద రాసి నేనే తగిలించాను. పుస్తకాలు మెట్ల మీద మోస్తున్నాను. నిన్న తాతగారు ఆయాసపడుతూ మూడో అంతస్తు ఎక్కి వచ్చి, "ఉన్నాడనే ఒప్పేసుకోరాదటమ్మా? నా మోకాళ్ళు పోతున్నాయి" అన్నారు.

నవ్వొచ్చింది. తర్వాత మరమ్మతు గది తలుపు వేసుకుని ఏడ్చాను. గిన్నెలో జిగురు గడ్డకట్టింది.

చెప్పేశాక మనసు తేలికైంది అత్తా. అదే వింత. అతను లేకుండా వచ్చే ఈ తేలిక మాత్రం నాకు అక్కర్లేదు.

గుసగుస


వంటగది

అమ్మలూ,

ఈసారి ఎగతాళి చేయను. ఒక్కటి చేసి ఊరుకుంటాను. గట్టిగా మాట్లాడవే అని ఇన్నేళ్ళు ప్రాణం తీశాను కదా, పోయి పోయి నువ్వు గట్టిగా అన్న మొదటి మాట అదా!

అతన్ని తిట్టమంటే తిడతాను, నా దగ్గర బోలెడు సరుకుంది. ఎందుకో తిట్టబుద్ధి కావడం లేదు. ఆలోచించుకోవాలన్నాడు, ఆలోచించుకుంటున్నాడేమో. రాకపోతే మాత్రం నువ్వు ఇక్కడికి వచ్చెయ్. మూడో స్టూలు కొంటాను.

ఇక్కడ కొత్త విశేషమేమీ లేదు. రోజూ కూర్చుంటున్నాం. ఆయనకింకా ఏమీ వినబడలేదట. నిన్న, "నీకు విసుగ్గా లేదూ?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నిలబడి చూసేదాన్ని, ఇప్పుడు కూర్చుని చూస్తున్నాను. నాకిదే హాయి" అన్నాను.

పక్కనుంచి పెన్ను లాక్కుంటున్నాడు. ఇస్తున్నాను.

అమ్మాయ్, మామయ్యను. నాది స్టీరింగు పట్టే చెయ్యి, అక్షరాలు వంకర పోతాయి. మీ అత్త నమ్మినట్టు ఒక్కరోజూ నటించలేదు. నా తృప్తి కోసం కూడా నటించలేదు. పెళ్ళయిన కొత్తలో అది నాకు కష్టంగా ఉండేది, దాచను. ఇప్పుడు నాకు ఆ ఊఁ ఆగిపోయిందా, ఆవిడ ముందు ఇంకా సాగుతున్నట్టు నేనూ నటించక్కర్లేకపోయింది. పక్కన కూర్చున్నది అబద్ధపు మనిషైతే ఈ చలికాలం నాకు గడవదు. ఆ అబ్బాయికి ఇది చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే వద్దు. మెట్లెక్కేటప్పుడు పుస్తకాలు కొద్దికొద్దిగా పట్టుకెళ్ళు.

మళ్ళీ నేనే. ఆయన రాసింది చదివాను. కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. దుకాణంలో ఎవరికీ చెప్పకు.

అత్త


లైబ్రరీ, లిఫ్టు గుమ్మం
చలి మొదలైంది

అత్తా, మామయ్యా,

అతను వచ్చాడు.

పొద్దున నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె పక్కనే ఉంది. "లిఫ్టు కోసం వచ్చారా?" అన్నాను. "దానికోసం కూడా" అన్నాడు.

లోపలికి వెళ్ళలేదు. ఆ చలిలో, మెట్టు మీద అతని పక్కనే కూర్చున్నాను.

"కోపం రాలేదండీ. సిగ్గేసింది" అన్నాడు. "మీ చేతులు జిగురులో ఉన్నప్పుడు గుమ్మంలోంచి అంత పెద్ద మాట అడిగేసి, మీరు ఊఁ అనగానే పారిపోయాను. రెండోసారి అడిగితే కాదంటారేమోనని."

నేను తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ విన్నాను.

"కానీ బాధగా ఉంది. అబద్ధం చెప్పను. ఇద్దరిదీ ఒకే మాట అవుతుందనుకున్నాను."

"నాకూ బాధగానే ఉంది" అన్నాను.

మామయ్య రాసింది బయటికి తీసి చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. వీధి వైపు తిరిగాడు. పాలబండి ఒకటి వెళ్ళింది.

"పొద్దున నేను కూర్చున్నప్పుడు మీరేం చేస్తారు?" అన్నాడు.

"పక్కనే కూర్చుని చదువుకుంటాను."

"పేజీ తిప్పితే చప్పుడొస్తుంది కదండీ."

"చప్పుడు లేకుండా పేజీలు తిప్పడం నా ఉద్యోగం."

అప్పుడు నవ్వాడు. ఆ ధైర్యంతో నేనూ ఒకటి అడిగాను. "నేను మారాలని మాత్రం ప్రార్థించకండి."

చాలాసేపు ఆలోచించాడు. అతను ఆలోచిస్తే కనుబొమలు కలుస్తాయి. "మాటివ్వలేనండీ. కూర్చుంటే మనసులో ఏది ముందుంటే అది వచ్చేస్తుంది. మీరు ముందుంటారు. ఆ తర్వాత ఏమొస్తుందో నా చేతిలో లేదు."

కోపం రావాలి అత్తా. రాలేదు. ఎప్పుడూ చేయనని ఠక్కున మాటిచ్చి ఉంటే భయపడేదాన్ని.

"అయితే నేనూ ఏమీ మాటివ్వను. ఎప్పటికైనా మారతానని ఇవ్వను. మారనని కూడా ఇవ్వను" అన్నాను.

"ఏ మాటా ఇచ్చుకోకుండా పెళ్ళి చేసుకుంటున్నామా అండీ?"

"అలాగే ఉంది."

వాళ్ళమ్మకు అంతా చెప్పాడట. ఆవిడ ఒకరోజు మాట్లాడలేదట. మర్నాడు, "కుట్టింది విప్పను. కూర్చుని ఏం చేసుకుంటుందో ఆ పిల్ల ఇష్టం" అందట. నన్ను ఇంకా మెచ్చుకోలేదు. మెచ్చుకుంటుందని అతనూ అనలేదు.

తర్వాత లోపలికి వెళ్ళాం. మిగిలిపోయిన పనంతా లిఫ్టు కింది గుంతలో ఉంది. టార్చి పట్టుకోమని నా చేతికిచ్చాడు. ఇనప నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. ఏదో మరిచిపోయాడనుకున్నాను. కాదు. తల కొంచెం వంచి కళ్ళు మూసుకున్నాడు. దిగేముందు ప్రతిసారీ అలా చేస్తాడట. ఆ సమయంలో అతని దగ్గర నేనెప్పుడూ లేను, ఇదే చూడటం.

నా రెప్పలు వాటంతటవే వాలబోయాయి. ఆపుకున్నాను. కింద చీకటి బాగా లోతుంది. నిచ్చెన మెట్ల మీద నూనె మరకలున్నాయి. అతను పెదవులు కదుపుతున్నంతసేపూ నేను కళ్ళు బాగా తెరుచుకుని, అతని కాలు పడబోయే మెట్టు మీద వెలుగు కదలకుండా పట్టుకున్నాను.

అతను కళ్ళు తెరిచి, మెట్టు చూసుకుని, కిందికి దిగాడు.

మీ
గుసగుస